హైమవతి పేరున రెండు ఫోల్డర్లు

మొదటి రోజు

ఏడో వెర్షన్ వచ్చింది. పొద్దున్న ఆరింటికి ఇంటి యంత్రం తనంతట తానే ఆగి, తనంతట తానే లేచింది. తెర రంగు మారింది. అక్షరాలు కొంచెం గుండ్రంగా ఉన్నాయి. అంతకుమించి తేడా ఏమీ కనిపించలేదు.

గోడ పలకల మీది చెమ్మ తుడిచి డబ్బాలోకి పిండాను. లీటరున్నర. గాలి జల్లెడ దులిపాను. ఎర్ర దుమ్ము అర దోసెడు. ప్లాంటులో నీటి పరీక్షలు మామూలే.

సాయంత్రం ఐదింటికి బ్యాకప్ మొదలైంది. అరవై ఒకటో శాతం దగ్గర ఆగింది. "ఈ పేరు ఇప్పటికే ఉంది. కొనసాగించలేం." మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే ఆగింది.

రెండో రోజు

చేసినవి: యంత్రం ఆపి పది నిమిషాలాగి పెట్టాను. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించాను. అనుమతులన్నీ ఒక్కొక్కటే చూశాను. తీగ మార్చాను. ఫలితం అరవై ఒకటి.

అప్పుడు కొత్త వెర్షన్‌తోపాటు వచ్చిన నోటీసు పూర్తిగా చదివాను. పదకొండో అంశం: కొత్త వెర్షన్ పాత కాపీలను చదవలేదు కాబట్టి పాతరలో ఉన్నవన్నీ చెరిపేశారు. అందరూ మొదటి నుంచి బ్యాకప్ చేసుకోవాలట.

పాతర మేముండే గుమ్మటానికి నలభై మీటర్ల కింద ఉంటుంది. అక్కడ కాపీ లేకపోతే పై యంత్రాల్లో ఏదీ ఎక్కువకాలం నిలవదు. ఇక్కడి ఎండ గోడల్లోంచి కూడా దూరి ఫైళ్ళను కొరుకుతుంది. రోజూ బ్యాకప్ నడిస్తే, పైన కొరికిన చోటల్లా కింది కాపీ చూసి అతుకుతుంది. ఇప్పుడు అతికేవాడు లేడు.

హైమ పోయి పద్నాలుగు నెలలు. ఆమె గొంతు ఉన్న రికార్డింగులు నా దగ్గర రెండు వందల ఆరు. ఎక్కువ భాగం ఇంటి కబుర్లే. "ఏమండీ, చెమ్మ డబ్బా మూత బిగించారా?" "ఏమండీ, నేను వచ్చేసరికి ఆలస్యమవుతుంది." అలాంటివి.

ఈ రోజు తనిఖీ చేస్తే మూడు తెరుచుకోలేదు.

మూడో రోజు

సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. మొదటి గుమ్మటం నుంచి నీలోఫర్ అనే అమ్మాయి మాట్లాడింది.

"సార్, మీ దగ్గర హైమవతి అని ఒక ఫోల్డర్ ఉంది కదా?"

"ఉంది."

"ఇంకోటి కూడా ఉంది సార్. సేమ్ పేరు. అందుకే ఆగిపోతోంది."

"నా దగ్గర ఒకటే ఉంది."

"మొన్నటిదాకా సార్. ఇప్పుడు ఫైళ్ళు యంత్రాన్ని బట్టి కాదు, మనిషిని బట్టి. మేడమ్ పేరున ఎక్కడున్నా మీ ఇంటి లెక్కలోకే వచ్చేస్తాయి. మీరు హస్బెండ్ కదా. మేడమ్‌ని ఒకసారి అడిగితే..." ఆగింది. "సారీ సార్. తేదీ ఇప్పుడే చూశాను."

"పర్వాలేదు. రెండోది ఎక్కడిది?"

"మీ మూడో గుమ్మటంలోనే సార్, పూల షెడ్డుది. పదమూడు వందల నలభై రికార్డింగులు."

పదమూడు వందల నలభై.

"చాలా సింపుల్ సార్. రెండిట్లో ఒకటి తీసేయండి. ఇక ఆగకుండా నడిచిపోతుంది."

"దాన్నెవరైనా వాడుతున్నారా?"

"రోజూ సార్. ఈ రోజు పొద్దున్న ఏడూ పదికి తెరిచారు, ఇంకా తెరిచే ఉంది. పైడిరాజు అని. తెలుసా సార్ మీకు?"

తెలుసు. ఇక్కడ తేనెటీగలు లేవు. మగ పువ్వు పుప్పొడిని కుంచెతో ఆడ పువ్వుకి అద్దాలి. హైమ పదహారేళ్ళు పూల షెడ్డులో ఆ పనే చేసింది. పైడిరాజు ఆమెతోపాటు పనిచేసేవాడు. ఇద్దరూ రెండో గుమ్మటంలో ఒకే వీధిలో పెరిగారని ఎప్పుడో చెప్పింది. అంత్యక్రియలనాడు వెనక వరసలో నిలబడి, నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

ఆలోచించి చెబుతానని పెట్టేశాను. తెరుచుకోనివి: ఏడు.

నాలుగో రోజు

చెమ్మ లీటరుకు తక్కువే వచ్చింది. జల్లెడ దులపలేదు.

రెండో ఫోల్డర్లో చేతికందింది ఒకటి తెరిచాను. మూడేళ్ళ కిందటిది. బూడిద గుమ్మడి మడి దగ్గర పని. ముందు కుంచె నీళ్ళలో ఆడించిన చప్పుడు. తర్వాత ఆమె.

"ఏట్రా పైడిగా, అది మగ పువ్వురా! పిందుందేటి దానికి? పెళ్ళికొడుకునట్టుకెళ్ళి పెళ్ళికొడుక్కే ముడెట్టెస్తన్నావు!"

మగ గొంతు: "కళ్ళద్దాలు తుడుసుకోనేదే హైమీ."

"కళ్ళద్దాలు కాదురా, బుర్ర తుడుసుకో."

తర్వాత నవ్వింది. పదకొండు సెకన్లు. నవ్వు ఆగిందనుకున్నాక మళ్ళీ మొదలై ఇంకో నాలుగు.

నా రెండు వందల ఆరులోనూ ఆమె నవ్వు ఉంది. రెండు చోట్ల. రెండూ కలిపినా మూడు సెకన్లు రాదు.

ఇరవై రెండేళ్ళు ఆమె నన్ను మీరు అంది. నేను నువ్వు అన్నాను. అందులో వింతేమీ లేదు, మా ఇళ్ళల్లో అందరిదీ అదే పద్ధతి. కానీ ఆమె ఒక మనిషిని "ఒరే" అనగలదనీ, ఒక మనిషి ఆమెను "ఏటే" అంటే ఊరుకోగలదనీ నాకు తెలియదు. నా ఇంట్లో ఆమె గొంతు ఎప్పుడూ చీర కట్టుకునే ఉండేది.

ఇంకో ముప్పై విన్నాను. దేనిలోనూ తప్పు మాట లేదు. తప్పు మాట దొరికితే బాగుండేది. దాన్ని పట్టుకుని కోపం తెచ్చుకునేవాణ్ణి.

తెరుచుకోనివి: పన్నెండు. నావాటిలోనే. షెడ్డు గోడలు మందం, అతనివి బాగానే ఉన్నాయి.

ఐదో రోజు

ఆ మాటతీరు నేను వినకపోలేదు. పెళ్ళయిన కొత్తలో రెండు నెలలు విన్నాను.

ప్లాంటు ఇంజనీర్లు భోజనానికి వచ్చారు. కూర వడ్డిస్తూ హైమ ఒకాయన్ని, "ఏటండీ, అలగ ముట్టనట్టు తింటన్నారు?" అంది. ఆయన నవ్వాడు. మంచి నవ్వే. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. వాళ్ళు వెళ్ళాక చెప్పాను, "'ఏటి' కాదు హైమా, 'ఏమిటి'." గొంతు పెంచలేదు. చదువుకున్నవాణ్ణి, మర్యాదగానే చెప్పాను.

"అలాగేనండీ," అంది.

ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట వినలేదు. మార్చుకుందనే అనుకున్నాను. మార్చుకోలేదు. పొద్దున్నే షెడ్డుకి పట్టుకెళ్ళి, సాయంత్రం అక్కడే వదిలి వచ్చేది.

ఈ రోజు ప్లాంటులో రెండు పరీక్షలు తప్పు రాశాను. దిద్దుకున్నాను. తెరుచుకోనివి: పంతొమ్మిది. పోయినవాటిలో ఒకటి ఆ రెండు నవ్వుల్లో పెద్దది.

ఆరో రోజు

గుమ్మటం ప్రకటన: మూడు రోజుల్లో ఎండవాన. తొమ్మిదో రోజు మధ్యాహ్నానికి అందరూ నేలమాళిగలోకి దిగాలి. ఎంతసేపో తెలియదు. పోయినసారి సూర్యుడు అలా రేగి సెగ కురిపించినప్పుడు పాతరలో కాపీ లేని యంత్రాలన్నీ తెల్ల తెరలతో మిగిలాయి.

నీలోఫర్ తనే ఫోన్ చేసింది.

"సార్, మీది ఇంకా అలాగే ఉంది. ఎండవాన వస్తోంది. ఒకటి తీసెయ్యండి సార్, ప్లీజ్."

"రెండోది తీసే అధికారం నాకుందా?"

"ఫుల్ అధికారం సార్. భర్త కదా."

"అతన్ని అడగనక్కర్లేదా?"

"రూల్ ప్రకారం అక్కర్లేదు." కొంచెం ఆగి, "తీసెయ్యడం ఇష్టం లేకపోతే రెండూ కలిపేయొచ్చు సార్. తేదీ వరసలో సర్దుకుంటాయి."

"వద్దు."

"ఎందుకు సార్? అన్నీ మేడమ్‌వే కదా?"

"వద్దమ్మా."

నా రెండు వందల ఆరు ఆ పదమూడు వందల నలభై మధ్యలో అక్కడొకటి, ఇక్కడొకటి ఉండటం ఊహించాను. పొద్దున్న "ఏమండీ", తొమ్మిదింటికి "ఏట్రా". ఒకే రోజున. వెంటవెంటనే.

ఇది ఇంటి దినచర్య పుస్తకం. ఇందులో జరిగింది రాయాలన్నది నియమం. కాబట్టి రాస్తున్నాను. మూడూ నలభైకి రెండో ఫోల్డర్ ఎంచుకుని "తొలగించు" నొక్కాను. "నిజంగానే తొలగించాలా?" అని అడిగింది. అవును నొక్కాను.

"ఫోల్డర్ వాడుకలో ఉంది. తొలగించలేం."

షెడ్డులో అతను అప్పుడు వింటున్నాడు.

కుర్చీలో చాలాసేపు కూర్చున్నాను. రెండుసార్లూ వెంటనే నొక్కాను. అదే నాకు నచ్చలేదు.

తర్వాత, చెయ్యాల్సిన పని ముందే చెయ్యాల్సిందని తోచి, తప్పు సందేశం వివరాలు తెరిచాను. రెండు పేర్లనూ యంత్రం లోపల ఎలా దాచుకుందో అక్కడ అంకెల్లో ఉంటుంది. కళ్ళకి రెండూ హైమవతే. అంకెల్లో మొదటి పేరుకి ఆరు ముక్కలు, రెండోదానికి ఏడు. తేడా మొదటి అక్షరంలో ఉంది. నాదాంట్లో "హై"కి ఐత్వం ఒకే ముక్క. అక్కడిదాంట్లో ఎత్వం ఒక ముక్క, దాని కింది గీత ఇంకో ముక్క. తెర మీద రెండూ అచ్చం ఒకేలా పడతాయి. అప్‌గ్రేడ్ వాటిని రెండు పేర్లుగా చూసి రెండు ఫోల్డర్లు తెచ్చింది. బ్యాకప్ ఒకే పేరుగా చూసి ఆగిపోయింది.

అంటే ఏదీ తీసెయ్యనక్కర్లేదు. ఒకదాని పేరు మారిస్తే చాలు. అయితే బ్యాకప్ నడుస్తున్నంతసేపూ రెండూ మూసి ఉండాలి. అతను మూయాలి. మూయమని నేనడగాలి.

ఏడో రోజు

పూల షెడ్డుకి వెళ్ళాను. హైమ ఉన్నప్పుడు ఒక్కసారీ వెళ్ళలేదు.

లోపల వేడి, తడి. తీగలు తాళ్ళ మీద పైకప్పుదాకా పాకాయి. పైడిరాజు నిచ్చెన మీద ఉన్నాడు. బక్కపలచటి మనిషి, నా వయసే. రెండు చెవుల్లోనూ రికార్డింగులు వినే బుడిపెలు. నన్ను చూసి వాటిని తీయలేదు, ఒక చెవిది మాత్రం వదులు చేశాడు.

"రండి కోదండపాణి గారూ. దారి తప్పినారేటి?"

"పనుండి వచ్చాను."

"పన్లేకపోతే మీరెందుకొత్తారు లెండి."

బ్యాకప్ సంగతి చెప్పాను. పేర్ల సంగతి చెప్పాను. నిచ్చెన దిగి, మూలనున్న పాత యంత్రం దగ్గరికి తీసుకెళ్ళాడు. కీబోర్డు మీద ఒక మీట ఉండాల్సిన చోట గుంట ఉంది.

"ఐత్వం మీట ఊడిపోయి పదేళ్ళయింది. బాగుసెయ్యమంటే ఎవుడూ రానేదు. ఎత్వం కొట్టి, కింద గీత కొడితే అదే పడతాదని ఆయమ్మే కనిపెట్టింది. నా పేరూ అలగే కొడతాను. పై అంటే రెండు మీటలు."

"మీ ఫోల్డర్ పేరు మార్చాలి. తర్వాత ఆరు గంటలు మూసి ఉంచాలి."

"మూత్తాను. ఎండవానొస్తే నాదీ పోద్ది కదా, మూయకేటి సేత్తాను? పేరు మాత్రం మార్చను."

"ఎందుకు?"

"ఇది ఆయమ్మ తన సేత్తో కొట్టుకున్న పేరండి. ఇక్కడ, ఈ కుర్చీలో కూకుని. మీ ఇంట్లోదెవరు కొట్టినారు?"

నేనే కొట్టాను. ఆమె పోయిన పదో రోజున.

"ఆమె నా భార్య," అన్నాను. అంత చిన్న మాట అంటానని నేననుకోలేదు.

"కాదన్నానేటి?" అతని గొంతు పెరిగింది. "పదహారేళ్ళు సూసినాను. సొర పూలు విచ్చుకునేదే సాయంత్రం. సరిగ్గా అప్పుడే ఐదు గంట కొట్టీవోరు. మా హైమి కుంచె అక్కడికక్కడే ఒగ్గీసి, 'మా ఆయనకి టీ ఎట్టాలి' అని ఎలిపోయీది. మీ టీ కోసం ఎన్ని సొర పిందెలు రాలిపోయాయో మీకు తెల్దు. నాకు తెలుసు. ఒక్కన్నీ నిలబడి ఏరినాను."

మా హైమి అన్నాడు. ఇద్దరం విన్నాం. అతను కుంచె తీసుకుని పుప్పొడి దులపడం మొదలుపెట్టాడు, దానికి పుప్పొడి లేకపోయినా.

"నా గురించి ఏమనేది?" అని అడిగాను. ఆ మాట అడగడానికే వచ్చానేమో.

"మా ఆయన మాటాడితే అచ్చేసిన పుస్తకంలాగుంటాదనీది."

"ఇంకా?"

"ఇంకేటి? అంతే. మీ గురించి ఎక్కువ సెప్పీది కాదు. అడిగితే కసిరీది." నావైపు చూడకుండా, "నాకదే మంటగుండీది," అన్నాడు.

వెళ్ళబోతుంటే వెనకనుంచి అన్నాడు, "మీది మార్చండి. మార్చినానని ఒక్క మాట సెప్పండి, ఆ నిమిషానే మూసీత్తాను. కలిపీమని మాత్రం అడక్కండి. నా ఏట్రాల మజ్జెన మీ ఏమండీలు నాను ఇనలేను."

ఇంటికి వచ్చాక తెలిసింది. జల్లెడ దులపక నాలుగు రోజులైంది, ఇల్లంతా దుమ్ము వాసన. తెరుచుకోనివి: ఇరవై ఆరు.

ఎనిమిదో రోజు

పొద్దున్న నుంచి తెర ముందున్నాను. అతను చెప్పింది తప్పు కాదు. ఆమె కొట్టుకున్న పేరును నేను కొట్టిన పేరు కోసం మార్చడం కుదరదు. ఈ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది.

కానీ నా దాని నుంచి హైమవతి అన్న మాట తీసేస్తే ఆ పేరుతో లోకంలో అతని ఫోల్డర్ ఒక్కటే మిగులుతుంది. వందేళ్ళకి ఎవరైనా పాతర తెరిస్తే, హైమవతి అంటే పూల షెడ్డులో పకపకా నవ్విన మనిషి. నేను ఆమెకి టీ తాగే ఒక అడ్డంకి.

రెండో హైమవతి అని పెడదామనుకున్నాను. నా ఇంట్లో ఉన్నది రెండోది ఎందుకవుతుంది? హైమవతి కోదండపాణి అని కొట్టి చూశాను. అది దరఖాస్తులో పేరులా ఉంది. చెరిపేశాను.

మధ్యాహ్నం రెండున్నరకి ఒక పేరు కొట్టాను. ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు నేనామెను పిలిచిన పేరు అది. పగలు, ఇంకెవరి ముందూ ఎప్పుడూ అనలేదు. ఆమె కూడా ఎవరికీ చెప్పి ఉండదు. ఈ పుస్తకాన్ని గుమ్మటం వాళ్ళు చదువుతారు కాబట్టి ఇక్కడ రాయను.

షెడ్డుకి ఫోన్ చేశాను.

"మార్చాను."

"మూసీనాను," అన్నాడు. ఏమీ అడగలేదు.

అరవై ఒకటి దగ్గర నేను లేచి నిలబడ్డాను. అరవై రెండు అయింది. ఎనిమిదీ ఇరవైకి పూర్తయింది. నావి నూట డెబ్బై ఐదు కిందికి చేరాయి. ముప్పై ఒకటి పోయాయి, ఇక రావు. ఆమెవి పదమూడు వందల నలభై, అన్నీ చేరాయి.

నీలోఫర్‌కి చెప్పాను. "అబ్బ, థాంక్స్ సార్," అంది, నేనామెకేదో మేలు చేసినట్టు. ఏం చేశానని అడిగింది. ఐత్వం గురించి చెప్పాను. రాసుకుంది. పదకొండో అంశం గురించి కూడా రాసుకోమన్నాను.

తొమ్మిదో రోజు

పన్నెండింటికి నేలమాళిగలోకి దిగాం. మూడో గుమ్మటం వాళ్ళం నాలుగు వందల మందిమి. యంత్రాలన్నీ ఆపేశారు. ఎవరి చెవిలోనూ బుడిపెలు లేవు. పిల్లలు గోల చేస్తున్నారు. ఈ పేజీ కాగితం మీద రాస్తున్నాను.

పైడిరాజు వెతుక్కుంటూ వచ్చి నా పక్క బల్ల మీద కూర్చున్నాడు. వేయించిన గుమ్మడి గింజల పొట్లం ఇద్దరి మధ్యా పెట్టాడు. బుడిపె లేని చెవిని మాటిమాటికీ తడుముకుంటున్నాడు. కాసేపు గింజలు ఒలుచుకున్నాం.

"ఏ పేరెట్టినారండీ?" అన్నాడు.

"పెట్టాను."

"అదే. ఏ పేరు?"

"ఆమెదే."

"ఆమెదంటే? హైమ అనా? హైమమ్మ అనా?"

"కాదు."

ఒలవడం ఆపాడు. "ఇంకో పేరుండీదేటి ఆయమ్మకి?"

గింజ నోట్లో వేసుకున్నాను.

"నాకెప్పుడూ సెప్పనేదే," అన్నాడు. నాతో కాదు, ఎదుటి గోడతో. "పదహారేళ్ళు. అన్నీ సెప్పీది. కడుపులో నొప్పి సంగతి మీకన్నా ముందు నాకే సెప్పింది."

అది నాకు తెలియదు. నిన్నటిదాకా అయితే ఆ మాట నన్ను పడగొట్టేది. ఈ రోజు అతని మొహం చూస్తూ విన్నాను. నాలుగో రోజున నా మొహం అలాగే ఉండి ఉంటుంది. అతను మనసులో ఒక్కొక్క పేరే పెట్టి చూసుకుంటున్నాడు, ఏదీ ఆమెకి అమరడం లేదు. జాలి పడాలి. పడలేదు. చాలా రోజుల తర్వాత ఒంట్లో తేలిగ్గా ఉంది. అబద్ధం రాయను.

"పోనీ మొదటచ్చరం సెప్పండి," అన్నాడు.

పొట్లం అతనివైపు జరిపాను.

సాయంత్రమయ్యేసరికి ఇంకో మూడుసార్లు అడిగాడు. చెప్పలేదు.